ఫలితం తెలియని కెమెరా

ఏ క్రీడా డాక్యుమెంటరీ చూసినా నేను మొదట వెతికేది ఒకటే. కెమెరా తిరగడం మొదలైన రోజున, ఈ కథ ఎక్కడ తేలుతుందో తీసేవాళ్లకు తెలుసా? తెలియదని అనిపిస్తే ఆ సినిమాకు సగం మార్కులు అప్పుడే వేసేస్తాను. ఆటగాడు ఎంత పేరున్నవాడు, ఎన్ని పతకాలు గెలిచాడు, దృశ్యాలు ఎంత అందంగా ఉన్నాయి అన్నవి నాకు తర్వాతి సంగతులు. ఫలితం తెలియదు కాబట్టే కదా మనం ఆట ముందు కూర్చునేది! అయినా ఈ మధ్య వరుసగా వస్తున్న క్రీడా డాక్యుమెంటరీల్లో చాలావరకు ఒకే పని చేస్తున్నాయి. విజేతను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన గెలిచాడన్న సంగతినే ఎనిమిది పది భాగాలుగా మనకు మళ్లీ చెబుతున్నాయి. వాటిని చూసి ముగించాక ఆ ఆటగాడి మీద గౌరవం పెరుగుతుందేమో గానీ, ఆట గురించీ మనిషి గురించీ కొత్తగా తెలిసింది పెద్దగా ఉండదు.

‘హూప్ డ్రీమ్స్’ పేరెత్తకుండా ఈ వాదన మొదలుపెట్టలేను. స్టీవ్ జేమ్స్, ఫ్రెడరిక్ మార్క్స్, పీటర్ గిల్బర్ట్ అనే ముగ్గురు షికాగోలో వీధి బాస్కెట్‌బాల్ మీద టీవీకి ఒక అరగంట చిత్రం తీద్దామని బయలుదేరారు. పేదవాడల్లో పెరుగుతున్న ఆర్థర్ ఏజీ, విలియం గేట్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు వాళ్లకు దొరికారు. అప్పటికి ఇద్దరూ ఎనిమిదో తరగతి దాటుతున్న పిల్లలు. నగర శివారులోని సెయింట్ జోసెఫ్ పాఠశాల బాస్కెట్‌బాల్ కోసం ఇద్దరినీ చేర్చుకుంది. ఐజయా థామస్ అంతటి ఆటగాడు చదివిన బడి అది. అక్కడ అడుగుపెడితే అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఇక ఎంతో దూరం లేదని పిల్లలూ నమ్మారు, వాళ్ల ఇళ్లలో పెద్దలూ నమ్మారు.

అరగంట చిత్రం కోసం మొదలైన పని ఐదేళ్ల చిత్రీకరణ అయింది. దాదాపు 250 గంటల ఫుటేజీ పోగుపడింది. 1994లో బయటికొచ్చిన సినిమా నిడివి మూడు గంటలకు కాస్త తక్కువ. ఇంత సాగడానికి కారణం సినిమాలోనే కనిపిస్తుంది. విలియం చేరీ చేరగానే ప్రధాన జట్టులో ఆడాడు. ఆర్థర్ మాత్రం బడి ఆశించిన వేగంతో ఎదగలేదు. ఫీజు ఇద్దరి కుటుంబాలకూ భారమే. విలియం ఫీజు కట్టడానికి దాత దొరికింది, ఆర్థర్‌కు దొరకలేదు. బాకీ పేరుకుపోయి, చదువు మధ్యలో ఆర్థర్ ఆ బడి వదిలి తన వాడకు దగ్గరున్న మార్షల్ ప్రభుత్వ పాఠశాలకు వెళ్లాల్సి వచ్చింది.

ముందే కథ రాసుకున్న దర్శకుడైతే ఆర్థర్‌ను అక్కడితో వదిలేసేవాడు. కథానాయకుడిగా విలియం ఉన్నాడు, ప్రతిభ ఉంది, పెద్ద విశ్వవిద్యాలయాల కళ్లు అతని మీదే ఉన్నాయి. ఓడిపోయిన పిల్లవాడితో ఇంకేం పని? ఈ ముగ్గురూ అలా అనుకోలేదు. ఆర్థర్ ఇంటికి వెళ్తూనే ఉన్నారు. ఆ ఇంట్లో కరెంటు తీసేసిన రోజుల్లో కూడా కెమెరా అక్కడే ఉంది. ఆ కరెంటు తిరిగి రావడానికి తాము సాయపడ్డామని, సినిమాకు వచ్చిన లాభాల్లో రెండు కుటుంబాలకూ వాటా ఇచ్చామని దర్శకులు తర్వాత చెప్పారు. డాక్యుమెంటరీ తీసేవాడు చూస్తూ ఊరుకోవాలే తప్ప చెయ్యి పెట్టకూడదని వాదించేవాళ్లున్నారు. ఐదేళ్లు ఒక ఇంట్లో కూర్చుని, ఆ ఇల్లు చీకట్లో ఉంటే కెమెరా వెలుతురు మాత్రమే వేసి వచ్చేవాడి సినిమాను నేను నమ్మను.

తర్వాత జరిగినవి ఎవరూ ఊహించి రాయగలిగినవి కావు. విలియం మోకాలు దెబ్బతింది, శస్త్రచికిత్స అయింది, ఆట మీద అతని మనసే విరగడం మొదలైంది. బడి నుంచి బయటికి నెట్టబడిన ఆర్థర్ మాత్రం 1991లో మార్షల్ జట్టును రాష్ట్ర పోటీల చివరి అంచె దాకా తీసుకెళ్లాడు. ఆ జట్టు మూడో స్థానంలో నిలిచింది. అయితే నా లెక్కలో ఈ సినిమాలోని అతిపెద్ద గెలుపు బాస్కెట్‌బాల్ కోర్టు మీద జరగలేదు. ఆర్థర్ తల్లి షీలా నర్సింగ్ సహాయకురాలి శిక్షణ పూర్తి చేసి, తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నట్టు తెలుసుకునే ఘట్టం ఒకటుంది. చిన్న గది, కొద్దిమంది మనుషులు, ఏడుపు ఆపుకోలేని ఒక స్త్రీ. కొడుక్కి 18 ఏళ్లు నిండిన రోజున, బతికి ఇంతవరకు వచ్చాడని సంబరపడే తల్లి కూడా ఆమే. షికాగోలో ఆ వాడల్లో నల్లజాతి పిల్లవాడు పెద్దవాడవడం అంటే ఏమిటో ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది. బాస్కెట్‌బాల్ సినిమా తీయడానికి వెళ్లినవాళ్లు ఆ తల్లి శిక్షణ ముగింపు కార్యక్రమానికి కెమెరా తీసుకుని వెళ్లారంటే, అప్పటికే తమ సినిమా దేని గురించో వాళ్లకు తెలిసిపోయిందన్నమాట.

ఆస్కార్‌లో ఈ చిత్రానికి ఉత్తమ డాక్యుమెంటరీ విభాగంలో కనీసం నామినేషన్ దక్కలేదు. ఎడిటింగ్‌కు మాత్రం దక్కింది. దాని మీద రేగిన గొడవ వల్ల డాక్యుమెంటరీలను ఎంపిక చేసే పద్ధతినే అకాడమీ తర్వాత మార్చుకోవాల్సి వచ్చింది.

వేచి ఉన్నవాళ్లకే ఇలాంటివి దొరుకుతాయని చెప్పడానికి ‘వెన్ వి వర్ కింగ్స్’ మరో ఉదాహరణ. 1974లో జైర్ (నేటి కాంగో) దేశపు రాజధాని కిన్షాసాలో ముహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్ బాక్సింగ్ పోరు. దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మొబుటు చెరొకరికి 50 లక్షల డాలర్లు ఇప్పిస్తానన్నాడు. దర్శకుడు లియాన్ గాస్ట్ అక్కడికి వెళ్లింది అసలు బాక్సింగ్ కోసం కూడా కాదు, దానికి ముందు జరిగే సంగీతోత్సవాన్ని చిత్రీకరించడానికి. జేమ్స్ బ్రౌన్, బి.బి. కింగ్, మిరియం మకేబా వంటివాళ్లు పాడిన ఉత్సవం అది. సాధనలో ఫోర్‌మన్ కంటి దగ్గర గాయమై, సెప్టెంబర్ 25న జరగాల్సిన పోరు అక్టోబర్ 30కి వాయిదా పడింది. సంగీతం అయిపోయింది, బాక్సింగ్ మొదలవలేదు. ఏమీ జరగని ఆ ఐదు వారాల్లోనే సినిమా దొరికింది. అలీ రోడ్ల మీద పరిగెడతాడు, వెంట పిల్లలు పరిగెడతారు, కనబడిన ప్రతి మనిషితో మాట్లాడతాడు. అప్పటికి ఫోర్‌మన్ జో ఫ్రేజియర్‌నూ కెన్ నార్టన్‌నూ చెరి రెండు రౌండ్లలో పడగొట్టి ఉన్నాడు. 32 ఏళ్ల అలీ గెలుస్తాడని అనుకున్నవాళ్లు బహు కొద్దిమంది. ఆ భయం అలీ మాటల వెనక, నవ్వు వెనక కూడా మనకు కనిపిస్తుంది. అతను గెలిచాక ఇచ్చే ఏ ఇంటర్వ్యూలోనూ అది కనిపించే వీలు లేదు. డబ్బు చిక్కులూ కోర్టు చిక్కులూ దాటుకుని ఆ ఫుటేజీ సినిమాగా రావడానికి 1996 దాకా పట్టింది. నాకు నచ్చనిది ఒకటే. 22 ఏళ్ల తర్వాత నార్మన్ మెయిలర్, జార్జ్ ప్లింప్టన్ కూర్చుని ఎనిమిదో రౌండులో ఏం జరిగిందో వివరిస్తుంటే, కళ్లెదుట ఉన్నదాన్ని మళ్లీ విడమరిచి చెప్పించుకుంటున్నట్టు ఉంటుంది. వాళ్లు గొప్ప రచయితలే. అయినా ఆ ఘట్టంలో నాకు అలీ మొహమే కావాలి.

‘ఇకరస్’ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. దొరక్కుండా నిషేధిత ఉత్ప్రేరకాలు వాడడం ఎంత తేలికో తన మీదే ప్రయోగం చేసి చూపిద్దామని సైకిల్ పోటీలంటే ఇష్టమున్న బ్రయాన్ ఫోగెల్ సినిమా మొదలుపెట్టాడు. సలహా కోసం మాస్కో డోపింగ్ నిరోధక ప్రయోగశాల అధిపతి గ్రిగరీ రోద్చెంకోవ్‌ను పట్టుకున్నాడు. సినిమా సగానికి వచ్చేసరికి ఆ సలహాదారుడే ప్రాణభయంతో అమెరికాకు పారిపోయి వచ్చి, 2014 సోచి ఒలింపిక్స్‌లో రష్యా క్రీడాకారుల మూత్ర నమూనాలను ఎలా మార్చేశారో బయటపెట్టాడు. తన సైకిల్ ప్రయోగాన్ని పక్కకు నెట్టి ఆ కథ వెంట పోయిన దర్శకుడికి దండం పెట్టాలి.

ఇక ‘ది లాస్ట్ డాన్స్’. ఈ పది భాగాల సిరీస్‌ను ప్రేమించేవాళ్లు చాలామంది ఉన్నారు, కోపం తెచ్చుకోకుండా వినాలని కోరుతున్నాను. 1997-98 సీజన్ పొడవునా షికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టు వెంట ఎన్‌బీఏ సొంత చిత్రబృందం తిరిగింది. ఆరో టైటిల్ వస్తుందో రాదో అప్పుడు ఎవరికీ తెలియదు. అంటే నేను పెట్టిన పరీక్షలో ఆ ఫుటేజీ పూర్తిగా నెగ్గినట్టే. చిక్కు తర్వాత వచ్చింది. జట్టు తార మైకేల్ జోర్డాన్ ఒప్పుకోకుండా దాన్ని వాడకూడదన్నది నాటి ఒప్పందం. దాదాపు 20 ఏళ్లు అది పెట్టెల్లోనే ఉండిపోయింది. 2020లో ప్రపంచమంతా ఆటలు ఆగిపోయిన రోజుల్లో అది విడుదలైనప్పుడు, నిర్మాణ భాగస్వాముల్లో జోర్డాన్ సొంత సంస్థ కూడా ఉంది. చరిత్ర డాక్యుమెంటరీలకు పేరుపడిన కెన్ బర్న్స్ దీన్ని బాహాటంగా తప్పుపట్టాడు. నేనూ ఆయన పక్షమే.

చూడండి, ఈ సిరీస్‌లో ప్రతినాయకుడు జట్టు జనరల్ మేనేజర్ జెర్రీ క్రౌస్. ఆ జట్టును కూర్చినవాడు, చివరికి విడగొట్టినవాడు. ఆయన 2017లోనే చనిపోయాడు. తన మీద వచ్చిన ఒక్క మాటకైనా జవాబు చెప్పుకునే అవకాశం ఆయనకు లేదు. బతికి ఉన్న జోర్డాన్ సహచర ఆటగాడు స్కాటీ పిపెన్‌కు ఆ అవకాశం ఉంది కాబట్టి తనను చూపించిన తీరు మీద తన అసంతృప్తిని గట్టిగానే చెప్పుకున్నాడు. ఎవరైనా ఏదైనా అన్నప్పుడు, ఆ మాటను తెర మీద చూపించి జోర్డాన్ చేత తీర్పు చెప్పించడం ఈ సిరీస్ పద్ధతి. చివరి మాట ప్రతిసారీ ఆయనదే. అద్భుతమైన ఘట్టాలు లేవని అనను. సహచరులను అంత కఠినంగా ఎందుకు రాచిరంపాన పెట్టావన్న ప్రశ్నకు జవాబు చెబుతూ జోర్డాన్ కళ్లు చెమర్చి, చాలు ఆపుదామంటాడు. పది భాగాల్లో కథ ఆయన చేతిలోంచి జారిపోయింది ఆ కాసేపే అనిపిస్తుంది నాకు. అందుకే అది అంత బాగుంది.

కాబట్టి నా మొదటి ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఫలితం తెలియకుండా తీసినా, తర్వాత కత్తెర ఎవరి చేతిలో ఉందన్నదీ అడగాలి. దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. అనుమతి ఇవ్వకపోతే లాకర్ రూములోకి వెళ్లేదెలా? ఇచ్చినవాడు ప్రతిఫలం అడగడా? డబ్బు పెట్టినవాడి మాట వినకుండా ఎవరు సినిమా తీశారు?

తీశారు. అంతకు ముందు, విన్నవాడు తీసింది ఎలా ఉంటుందో కూడా చూడాలి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ మీద లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన ‘ఒలింపియా’ నాజీ ప్రభుత్వ డబ్బుతో తయారై, 1938లో హిట్లర్ పుట్టినరోజున విడుదలైంది. గుంతలు తవ్వి నేలమట్టం నుంచి దూకేవాళ్లను చూపడం, నీటి అడుగున కెమెరా పెట్టడం వంటివి తర్వాతి తరాలకు పాఠాలయ్యాయి. నల్లజాతి అమెరికన్ జెస్సీ ఓవెన్స్ పరుగులు అందులో ఉన్నాయి, నిజమే. అయినా ఆ సినిమాలో శరీరాలే ఉన్నాయి, మనుషులు లేరు. దాని నైపుణ్యాన్ని మెచ్చుకునేవాళ్ల మాట కాదనను గానీ, దాన్ని నా ఇష్టమైన చిత్రాల్లో చేర్చుకోలేను.

దాని పక్కన ‘టోక్యో ఒలింపియాడ్’ పెట్టి చూడాలి. నాకు అన్ని క్రీడా చిత్రాల్లోకీ ఇష్టమైనది ఇదే. 1964 ఒలింపిక్స్ అధికారిక చిత్రం కోసం మొదట అకిరా కురోసావాను అనుకున్నారు. ఆయన తప్పుకున్నాక పని కోన్ ఇచికావా చేతికి వచ్చింది. యుద్ధంలో కూలిన దేశం మళ్లీ లేచి నిలబడిందని లోకానికి చూపించడం నిర్వాహకుల ఉద్దేశం. జపాన్ పతకాలు, కొత్త స్టేడియాలు, కొత్త నగరం కనిపించాలని వాళ్లు ఆశించారు. ఇచికావా వందకు పైగా కెమెరాలు దించి, దూరపు లెన్సులతో మనుషుల మొహాల దగ్గరికి వెళ్లాడు. సినిమా మొదట్లోనే పాత కట్టడాలను కూల్చే ఇనుప గుండు కనిపిస్తుంది. కొత్త నగరం దేన్ని కూల్చి లేచిందో ఆయన దాచలేదు.

చాద్ నుంచి వచ్చిన అహ్మద్ ఈసా అనే 800 మీటర్ల పరుగువీరుడు ఈ సినిమాలో ఒకడున్నాడు. ఆయన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నాలుగేళ్లు. ఒలింపిక్స్‌లో చాద్ పాల్గొనడం అదే మొదటిసారి. ఒలింపిక్ గ్రామంలో ఒంటరిగా తిరుగుతాడు, ఒంటరిగా తింటాడు, పరిగెత్తి ఫైనల్ చేరకుండానే వెనుదిరుగుతాడు. పతకాల పట్టికలో ఎక్కడా లేని మనిషికి అధికారిక చిత్రంలో అంత చోటు ఇవ్వడానికి ఎంత నమ్మకం ఉండాలి! సోవియట్ జట్టును ఓడించి జపాన్ మహిళలు వాలీబాల్ స్వర్ణం గెలిచినప్పుడు కూడా అంతే. ఆటగత్తెలు ఏడుస్తూ కావలించుకుంటుంటే, వాళ్లను రాత్రీ పగలూ తోమి తయారుచేసిన కోచ్ దైమత్సు ఒంటరిగా నిలబడి ఉండడాన్ని ఇచికావా పట్టుకున్నాడు. గెలిచాక ఇక చేయడానికేమీ లేని మనిషి మొహం అది.

మారథాన్ భాగం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. స్వర్ణం గెలిచిన ఇథియోపియా పరుగువీరుడు అబేబె బికిలా మొహంలో శ్రమ జాడ కూడా కనిపించదు, కెమెరా ఆయన్ని నెమ్మదిగా, చాలాసేపు చూస్తూ ఉంటుంది. వెనకబడ్డవాళ్లు నీళ్ల బల్లల దగ్గర ఆగి, కప్పు తర్వాత కప్పు తాగుతుంటారు. రెండో స్థానంలో స్టేడియంలోకి వచ్చిన జపాన్ యువకుడు కోకిచి త్సుబురాయాను, ఇంగ్లండ్ పరుగువీరుడు బేసిల్ హీట్లీ సొంత ప్రేక్షకుల ముందే దాటేశాడు. త్సుబురాయాకు కాంస్యం దక్కింది. తర్వాతి ఒలింపిక్స్‌లో దేశానికి బదులు తీర్చాలన్న ఒత్తిడి మోస్తూ, గాయాలతో నలిగి, 1968 జనవరిలో 27 ఏళ్లకే ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. సినిమాకు ఆ సంగతి తెలియదు. ఎలా తెలుస్తుంది? కానీ చివరి మలుపులో వెనకబడుతున్న మనిషిని కూడా గెలిచినవాడితో సమానంగా చూసిన సినిమా కాబట్టి, ఇప్పుడు తెలిసి చూసే మనకు ఆ కాంస్యం బరువు అందుతుంది. పతకాల లెక్క చూపించమన్న అధికారుల మాట విని ఉంటే, అందులో ఒక అంకె మాత్రమే మిగిలేది.

అధికారులకు సినిమా నచ్చలేదు. ఒలింపిక్స్ బాధ్యత చూసిన మంత్రి ఇచిరో కోనో, ఇది రికార్డుగా పనికిరాదన్నట్టు మాట్లాడాడు. ఇది కళా, రికార్డా అని దేశమంతా చర్చ జరిగింది. ప్రజలు మాత్రం థియేటర్లకు పోటెత్తారు. డబ్బు పెట్టినవాడిని కాదని తీసిన సినిమా ఏదని అడిగేవాళ్లకు నా జవాబు ఇది.

పాత ఫుటేజీతో అల్లిన సినిమాల సంగతి వేరు. ఆసిఫ్ కపాడియా ‘సెన్నా’ ఫార్ములా వన్ కారు రేసుల డ్రైవర్ ఐర్టన్ సెన్నా కథ. 1994 మే 1న ఇమోలా రేసులో ఆయన చనిపోబోతున్నాడని దర్శకుడికీ తెలుసు, చూసే మనకూ తెలుసు. అయినా గుండె బిగబట్టుకుని చూస్తాం. ఎందుకంటే కపాడియా ఎవరినీ ఈనాటి కుర్చీలో కూర్చోబెట్టి చూపించలేదు. మాటలు వినిపిస్తాయి, మనుషులు మాత్రం అప్పటి దృశ్యాల్లోనే ఉంటారు. రేసుకు ముందు డ్రైవర్ల సమావేశాల్లో ఐర్టన్ సెన్నా అధికారులతో వాదించడం, ముందు రోజు మరో డ్రైవర్ రోలండ్ రాట్‌జెన్‌బర్గర్ చనిపోయినప్పుడు సెన్నా మొహం, ఇవన్నీ రేపు ఏమవుతుందో తెలియని కెమెరాలు తీసినవి. కపాడియా గొప్పతనం ఆ తెలియనితనాన్ని చెడగొట్టకపోవడంలో ఉంది. కానీ ఒక్కచోట ఆయనతో నాకు పేచీ ఉంది. సెన్నా ప్రత్యర్థి అలైన్ ప్రాస్ట్‌ను మరీ విలన్‌ను చేశాడు. 1990 సుజుకాలో సెన్నా కావాలనే ప్రాస్ట్ కారును గుద్దాడు, మరుసటి ఏడాది తానే ఒప్పుకున్నాడు. సినిమా దాన్ని అంతకు ముందు ఏడాది జరిగిన అన్యాయానికి ప్రతీకారంగా చూపి ముందుకు సాగిపోతుంది. చివరి రోజుల్లో ఆ ఇద్దరి మధ్య కుదిరిన సఖ్యతను సినిమా తగినంతగా చూపలేదని ప్రాస్ట్ బాధపడ్డాడు. సెన్నా శవపేటికను మోసినవాళ్లలో ప్రాస్ట్ ఒకడని తెలిస్తే ఆ బాధ ఎంత న్యాయమైనదో అర్థమవుతుంది.

అదే ఫార్ములా వన్ మీద 2019 నుంచి వస్తున్న ‘డ్రైవ్ టు సర్వైవ్’ సిరీస్ ఆ ఆటకు లక్షల కొత్త అభిమానులను తెచ్చిపెట్టింది. లేని వైరాలను పుట్టిస్తున్నారంటూ డ్రైవర్ మాక్స్ వెర్స్టాపెన్ కొంతకాలం దానికి దూరంగా ఉన్నాడు. రేసులోనే అంత ఉత్కంఠ ఉండగా ఎడిటింగ్ బల్ల మీద ఇంకొంత కలపాల్సిన అవసరం ఏమిటో నాకు నిజంగా అర్థం కాదు.

ఫలితం తెలియని కెమెరాను ఇంతగా మెచ్చుకుంటున్నాను కాబట్టి, దాని వల్ల వచ్చే కష్టం గురించి కూడా చెప్పాలి. ‘ఫ్రీ సోలో’లో అలెక్స్ హానల్డ్ తాడు లేకుండా ఎల్ కాపిటాన్ అనే దాదాపు 900 మీటర్ల నిట్టనిలువు బండను ఎక్కుతాడు. 2017 జూన్ 3న నాలుగు గంటల లోపే ఎక్కేశాడు. అయితే చిత్రీకరణ మొదలైనప్పుడు తీసేవాళ్లకు ఇది తెలియదు. అతను పడిపోవచ్చు, ఆ పడిపోవడాన్ని తీసేది తామే కావచ్చు. కెమెరా ఉందన్న స్పృహే అతని చెయ్యి జారడానికి కారణం కావచ్చు. దర్శకులు ఎలిజబెత్ చాయ్ వసర్హేలీ, జిమ్మీ చిన్ ఈ భయాన్ని దాచకుండా సినిమాలోనే పెట్టారు. అత్యంత కష్టమైన చోట మనుషులను తప్పించి, దూరం నుంచి నడిపే కెమెరాలు అమర్చారు. కింద ఉన్న ఒక కెమెరామన్ చూడలేక మొహం తిప్పుకుంటాడు. అతను చేసింది సరైన పనే అని నా అభిప్రాయం. ఫలితం తెలియకపోవడం మంచి సినిమాకు అవసరమని వాదిస్తున్న నేను, మనిషి చావును ఆ ఫలితాల్లో ఒకటిగా లెక్కపెట్టి సినిమా తీయడం సబబేనా అన్న ప్రశ్నకు మాత్రం ఇంకా ఒక జవాబుకు రాలేకపోతున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే ‘టోక్యో ఒలింపియాడ్’ పేరే చెబుతాను. విదేశాల కోసం దాన్ని బాగా కత్తిరించిన రూపం కూడా ఉంది, దాని జోలికి పోకుండా దాదాపు మూడు గంటల పూర్తి చిత్రమే చూడాలి. ఆ తర్వాత ‘హూప్ డ్రీమ్స్’. దాన్ని ఫోనులో ముక్కలుగా చూడొద్దని మాత్రం బతిమాలుతాను. ‘ది లాస్ట్ డాన్స్’ చూడదలిస్తే ఈ రెండూ అయ్యాకే చూడండి, జెర్రీ క్రౌస్ కనిపించిన ప్రతిసారీ ఆయన ఏం జవాబు చెప్పి ఉండేవాడో కాస్త ఆగి ఆలోచించండి.